లోయరు, హయ్యరు: మన ప్రాంతంలో టైపు చదువు కథ

ఈ యేటి సావనీరుకు ఒక చరిత్ర వ్యాసం రాసివ్వమని కార్యవర్గం వారు అడిగినప్పుడు, ఏలూరు సర్కారు గురించో, నవాబుల జమానా గురించో రాస్తామని వారు ఆశించి ఉంటారు. ఆ సంగతులు పెద్దలు లోగడ రాశారు, ఇకముందూ రాస్తారు. మేము మాత్రం మన కళ్ళముందే వెలిగి, మన కళ్ళముందే ఆరిపోయిన ఒక చదువు గురించి రాయదలిచాం. అది టైపు చదువు. లోయరు, హయ్యరు అనే రెండు మాటలు వినపడని ఇల్లు ఆ రోజుల్లో మనలో తక్కువ.

దీన్ని కూడా చరిత్ర అంటారా అని నవ్వేవారు ఒక్కసారి ఇంట్లో పాత ట్రంకుపెట్టె తెరిచి చూడండి. అబ్బాజాన్ సర్వీసు ఆర్డరు, తాతగారి ఇంటిస్థలం తాలూకు నకలు, మామూజాన్ గల్ఫుకు వెళ్ళినప్పటి అఫిడవిట్టు, మసీదు కమిటీ వారు పెట్టుకున్న అర్జీ, అన్నీ టైపు కొట్టినవే. ఆఫీసు కాగితాలైతే అడుగున ఎడమవైపు మూల చిన్న అక్షరాలు రెండు మూడు కనిపిస్తాయి. అవి టైపు చేసిన మనిషి పొడి అక్షరాలు. ఆ మనిషి గురించే మేము రాస్తున్నది.

ఒకప్పుడు కలం మన చేతిలోనే ఉండేది. ఉత్తర సర్కారుల్లో ఒకదానికి ఏలూరు పేరే ఉన్న కాలంలో కచేరీల్లో పారశీకం నడిచేది. దస్తావేజు, అర్జీ, నకలు, వకాల్తా, తహసీలు, జిల్లా అని ఈనాటికీ అందరూ వాడుతున్న మాటలు ఆనాటి మునిషీల కలంలోంచి జారినవే. 1766 ఒప్పందంతో సర్కారులు కుంపిణీవారి చేతుల్లో స్థిరపడ్డాయి. తర్వాత కచేరీకి ఇంగ్లీషు వచ్చింది. మాటలు మిగిలాయి, మునిషీ పని పోయింది. మనవాళ్ళు తంగెళ్ళమూడి వైపు తివాచీ మగ్గాల దగ్గర, కుట్టుమిషన్ల దగ్గర, జూట్ మిల్లులో, చిల్లర వ్యాపారాల్లో కుదురుకున్నారు. ఒక అర్జీ పెట్టాలన్నా మరొకరి అరుగెక్కి, వాళ్ళకు తీరికయ్యేదాకా కూర్చోవాల్సిందే. ఏం రాశారో చదివి చెప్పమని అడగడానికి కూడా మొహమాటమే. రెండు అణాలో నాలుగు అణాలో ఇచ్చి, వేలిముద్ర వేసి, ఇంటికొచ్చి అల్లా మీద భారం వేయడమే.

అటువంటి ఇళ్ళకు అందినంత దూరంలో ఉన్న ఇంగ్లీషు చదువు టైపు ఒక్కటే. బి.ఏ. చదివించే స్తోమత లేదు. 1945లో ఏలూరులో సి.ఆర్.రెడ్డి కాలేజీ వెలిశాక కూడా, ఇంట్లో నలుగురు పిల్లలుంటే ఒకణ్ణి పంపడమే గగనం. టైపుకైతే నెలకు కొద్ది రూపాయల ఫీజు, రోజుకు ఒక గంట. మిగతా పూట దుకాణంలో కూర్చోవచ్చు. కులం అడగరు, ఇంటి భాష అడగరు. పది వేళ్ళుంటే చాలు.

ఇక యంత్రం సంగతి కాస్త. అమెరికాలో మిల్వాకీ అనే ఊళ్ళో షోల్స్ అనే ఆయన, మరి ఇద్దరు జతగాళ్ళతో కలిసి 1868లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. తుపాకులు, కుట్టుమిషన్లు చేసే రెమింగ్టన్ కంపెనీ దాన్ని తీసుకొని 1874లో బజారుకు తెచ్చింది. తొలి మిషను కుట్టుమిషను మీదికే ఎక్కించినట్టు ఉండేదట, కాలితో తొక్కితే క్యారేజీ వెనక్కి పోయేది. మన దర్జీలు చూసి ఉంటే మాది మాకే వచ్చిందనుకొనేవారు. మొదట్లో అందరూ కీలు చూసుకుంటూ రెండు మూడు వేళ్ళతో కొట్టేవారు. 1888 జూలై 25న సిన్సినాటిలో ఒక పోటీ జరిగింది. మెక్‌గరిన్ అనే కోర్టు స్టెనోగ్రాఫరు, కీల వంక చూడకుండా పది వేళ్ళతో కొట్టి, చూసి కొట్టినవాణ్ణి ఓడించాడు. మన ఇన్‌స్టిట్యూటుల్లో మాస్టార్లు "కళ్ళు పుస్తకం మీద, వేళ్ళు మిషను మీద" అని బెత్తం పట్టుకు తిరిగిన పద్ధతికి పేరు తెచ్చిపెట్టింది ఆ పోటీయే.

మన దేశంలో చాలాకాలం విదేశీ మిషన్లే. రెమింగ్టన్ వారికి కలకత్తాలో కంపెనీ ఉండేది. మద్రాసులో హాల్డా తయారైంది. 1955లో గోద్రెజ్ వారు బొంబాయిలో స్వదేశీ టైపు మిషను చేశారు. మన ప్రాంతపు ఇన్‌స్టిట్యూటుల్లో మేమెరిగినవి ఎక్కువగా ఈ మూడే. రెమింగ్టను బరువు, దెబ్బ గట్టిగా వేయాలి. హాల్డా మెత్తన. కొత్తగా చేరినవాడికి ఎప్పుడూ మూలనున్న ముసలి రెమింగ్టనే ఇచ్చేవారు. అది ఒక విధంగా మంచిదే. దాని మీద నేర్చినవాడికి ఏ మిషనైనా తేలికే. వాటిలో ఒకటి అంకెకు కీ కూడా ఉండేది కాదు. ఇంగ్లీషు చిన్న ఎల్ అక్షరమే ఒకటి.

1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడి ఏలూరు జిల్లా కేంద్రమయ్యాక ఇక్కడ కచేరీలు పెరిగాయి. కలెక్టరాఫీసు, కోర్టులు, కాలువల శాఖ, వాటి చుట్టూ వకీళ్ళు, వకీళ్ళ గుమాస్తాలు. ఎక్కడ కాగితం పెరిగితే అక్కడ టైపిస్టు కావాలి. 1953 దాకా మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నాం గనుక టైపు, షార్ట్‌హ్యాండు పరీక్షలు మద్రాసు ప్రభుత్వ టెక్నికల్ పరీక్షలే. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక సర్టిఫికెట్లు హైదరాబాదు నుంచి, సాంకేతిక విద్యా శాఖ తరఫున రాసాగాయి. ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. ఇంగ్లీషు లోయరుకు నిమిషానికి 30 మాటలు, హయ్యరుకు 45. మాటంటే మన మాట కాదు, అయిదు దెబ్బలు ఒక మాట. అంటే పది నిమిషాల్లో లోయరువాడు 1500 దెబ్బలు, హయ్యరువాడు 2250 దెబ్బలు తప్పు లేకుండా కొట్టాలి. అది మొదటి పేపరు. రెండో పేపరులో ఉత్తరం, పట్టీ కుదురుగా వేసి చూపాలి. స్పీడు వచ్చి పట్టీలో పోయినవాళ్ళు చాలామంది. అంకెల వరుసలు నిలువుగా కలవాలంటే ముందు కాగితం మీద లెక్కవేసుకొని ట్యాబులు పెట్టుకోవాలి. ఓపిక లేనివాడికి అక్కడ పని కాదు.

ఏలూరులోను, తాడేపల్లిగూడెంలోను ఇన్‌స్టిట్యూటు అంటే ఒకటే పోలిక. కింద దుకాణం, పక్కనుంచి ఇరుకు మెట్లు, పైన పొడుగుపాటి గది, గోడలవెంట బల్లలు, బల్లల మీద మిషన్లు. తెల్లవారి ఆరింటికి మొదటి బ్యాచి, రాత్రి తొమ్మిదికి ఆఖరు బ్యాచి. కింద బజారులో నడిచేవాడికి పైన వడగళ్ళు పడుతున్నట్టు వినిపించేది. గంట కాగానే మాస్టారు బల్ల మీద స్కేలుతో కొడతారు. వేళ్ళు ఆగాలి. అప్పటికే మెట్ల మీద తరువాతి బ్యాచి నిలబడి ఉంటుంది.

మొదటి పాఠం అందరికీ ఒకటే: ఏ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్, సెమికోలన్ ఎల్ కె జె హెచ్ జె. ఇదే వరుస కాగితం నిండా, రోజుల తరబడి. ఎడమచేతి చిటికెనవేలు కింద పడే ఏ అక్షరం ఎప్పుడూ వెలవెలబోతూ ఉండేది. "ఏమయ్యా సాయిబూ, నీ ఏ కి రోజా ఉందా?" అని మాస్టారు వేళాకోళం. రంజాను నెలలో నిజంగానే చాలామందికి రోజా ఉండేది గదా! ఆ నెలంతా మన పిల్లలు ఫజర్ నమాజు చదువుకొని తిన్నగా తెల్లవారి బ్యాచికి వచ్చేవారు. ఇఫ్తారు వేళకు పడే బ్యాచివాళ్ళకు వేళ మార్చి ఇచ్చిన మాస్టార్లు మాకు తెలుసు. వాళ్ళలో చాలామంది మన మతం వారు కారు. వాళ్ళకెవరూ చెప్పనూ లేదు, వాళ్ళు దాన్నొక ఉపకారం అనుకోనూ లేదు.

మదర్సాలో కుడినుంచి ఎడమకు చదవడం నేర్చిన పిల్లలకు ఇంకొక తమాషా. టైపు మిషను మీద అక్షరాలు ఎడమనుంచి కుడికి పడతాయి గాని, క్యారేజీ, దానితో కాగితం మాత్రం కుడినుంచి ఎడమకు పోతుంది. "రాత వాళ్ళది, నడక మనది" అని మా బ్యాచిలో ఒక జోకు.

ఆడపిల్లల సంగతి విడిగా చెప్పాలి. ఆ రోజుల్లో మన ఇళ్ళల్లో ఎనిమిదో తరగతి కాగానే బడి మాన్పించడం మామూలు. టైపుకు పంపడానికి కొందరు పెద్దలు ఒప్పుకున్నారు, కారణం వినండి. అక్కడ మగ మాస్టారైనా మాటలుండవు. అందరూ గోడవైపు తిరిగి కూర్చుంటారు, ఎవరి కాగితం వాళ్ళది. మధ్యాహ్నం పూట ఆడవాళ్ళకు వేరే బ్యాచి పెట్టేవారు. బురఖాలో అక్క, వెంట తోడుగా పదేళ్ళ తమ్ముడు. తమ్ముడు గంటసేపు ఊరికే కూర్చోలేక ఖాళీగా ఉన్న మిషను మీద వేళ్ళు పెట్టేవాడు. అక్క లోయరు పాసయ్యేనాటికి తమ్ముడికి కీబోర్డు కంఠతా వచ్చి ఉండేది. ఒకే ఫీజుకు ఇద్దరు చదివిన ఇళ్ళు మాకు తెలుసు. ఆ ఆపాలలో కొందరు తర్వాత సర్కారు ఆఫీసుల్లో చేరి, ముప్ఫై ఏళ్ళు పనిచేసి పెన్షనుతో దిగారు. ఒక్క జీతం మీద చెల్లెళ్ళ నికాలు చేసి, తమ్ముళ్ళను ఇంజినీర్లను చేసినవారున్నారు. వాళ్ళ గురించి ఏ సావనీరూ రాయలేదని మాకు కొంచెం కోపం.

తాడేపల్లిగూడెంలో టైపుకు గిరాకీ వేరే దారిన వచ్చింది. అది కచేరీల ఊరు కాదు, వ్యాపారాల ఊరు. రైస్ మిల్లులు, బెల్లం, ఉల్లిపాయల టోకు బజారు, రైలు గూడ్సు. సరుకు తడిసిందనో తగ్గిందనో రైల్వేకు క్లెయిము పంపాలి, బ్యాంకుకు స్టాకు స్టేట్‌మెంటు ఇవ్వాలి, బయటి రాష్ట్రాల వర్తకులకు ఇంగ్లీషులో ఉత్తరం రాయాలి. మిల్లులో గుమాస్తాగా చేరినవాడికి టైపు వస్తే జీతంలో తేడా. 1969లో 14 బ్యాంకులు జాతీయమయ్యాక కొత్త బ్రాంచీలు తెరిచారు, వాటికీ టైపిస్టులు కావలసి వచ్చారు. భీమడోలు, పూళ్ళ, ఉంగుటూరు కుర్రవాళ్ళు పాసింజరు బండెక్కి ఒకడు ఏలూరు వైపు, ఒకడు గూడెం వైపు టైపుకు పోయేవారు. బండి ఆలస్యమైతే బ్యాచి పోయినట్టే.

కొల్లేటి లంకల పిల్లల పాట్లు ఇంకా ఎక్కువ. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఉన్న సరస్సు అది. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏళ్ళు అందులో పడతాయి, ఉప్పుటేరు ఒక్కటే సముద్రానికి దారి. వానాకాలం నీరు పొంగితే లంకకు దోనె తప్ప దారి లేదు. అటు దోనె, ఇటు బస్సు, గంట టైపుకు పూటంతా ప్రయాణం. నీళ్ళు మరీ ఎక్కువైనప్పుడు నెలల తరబడి రాలేకపోయేవారు. అందులో కొందరు అట్టముక్క మీద కీల వరుసలు గీసుకొని ఇంటి దగ్గర లాంతరు వెలుగులో దాని మీదే వేళ్ళాడించేవారు. చప్పుడు లేని టైపు. మళ్ళీ వచ్చాక స్పీడు ఏమీ తగ్గకపోవడం చూసి ఊరివాళ్ళు నోరు వెళ్ళబెట్టేవారు.

పరీక్ష రోజు చూడాలి. ఎవరి మిషను వారే సెంటరుకు మోసుకుపోవాలి. ఇన్‌స్టిట్యూటు ముందు రిక్షాలు బారులు తీరి ఉండేవి. ఒళ్ళో పసిపిల్లను పెట్టుకున్నట్టు మిషనును పెట్టుకొని, గతుకులొచ్చినచోట రిక్షావాణ్ణి బతిమాలుతూ పోవడం. రిక్షావాళ్ళలో సగం మంది మనవాళ్ళే గనుక, "మన పిల్లాడు పరీక్షకు పోతున్నాడు" అని పైసా పుచ్చుకోనివాళ్ళు కూడా ఉన్నారు. హాల్లో మెకానిక్కు స్క్రూడ్రైవరుతో సిద్ధంగా ఉండేవాడు. రిబ్బను తిరగకపోయినా, రెండు కీలు ఒకదాన్నొకటి కరుచుకొన్నా ప్రాణం పోయినంత పని. ఈల వేయగానే నలభై మిషన్లు ఒక్కసారి మోగేవి. ఆ మోత మధ్యలో మన మిషను గంట మనకే వినపడాలి.

1966లో అధికార భాషా చట్టం వచ్చి, 1974లో అధికార భాషా సంఘం ఏర్పడ్డాక తెలుగు టైపుకు విలువ పెరిగింది. సంఘానికి మొదటి అధ్యక్షులైన వావిలాల గోపాలకృష్ణయ్యగారు ఆఫీసుల్లో తెలుగు నడవాలని పట్టుబట్టిన మనిషి. తెలుగు మిషను ఇంగ్లీషు దానికంటె మొండిది. తెలుగు అక్షరాలన్నీ ఆ కాసిని కీలలో ఇమడాలి గదా. అందుకని గుణింతాల గుర్తులు, ఒత్తులు విడివిడిగా పెట్టారు. కొన్ని గుర్తులు కొడితే క్యారేజీ కదలకుండా నిలుస్తుంది, అదే చోట రెండో దెబ్బ పడి అక్షరం పూర్తవుతుంది. ఇంట్లో ఉర్దూ మాట్లాడుకొని, బడిలో తెలుగు చదివి, ఇంగ్లీషు హయ్యరు పాసైన మన కుర్రవాళ్ళు తెలుగు లోయరుకు కూడా కూర్చున్నారు. మండల వ్యవస్థ 1985లో వచ్చాక ఊరూరా ఆఫీసులు వెలిసినప్పుడు ఆ రెండో సర్టిఫికెట్టే అక్కరకొచ్చింది. మండలాఫీసులో శుద్ధమైన తెలుగు నోటీసు కొట్టి పెట్టినది ఒక షేక్ అనో సయ్యద్ అనో తెలిసి రైతులు ముక్కున వేలేసుకోవడం మేము చూశాం.

పేర్ల మాట వచ్చింది గనుక అసలు విషయానికి వస్తాం. మన పేర్లు రికార్డుల్లో ఎలా పడ్డాయో చూడండి. షేక్ అన్న ఒక్క ఇంటిపేరుకే ఇంగ్లీషులో మూడు నాలుగు స్పెల్లింగులు. ఒకచోట ఎస్‌కె అని రెండక్షరాలే. మహమ్మద్ ఒకచోట ఎం.డి., ఒకచోట ఎం.ఓ.హెచ్.డి., మరోచోట నిండుగా. విన్నవాడికి ఎలా వినపడితే అలా, గడిలో ఎంత పడితే అంత. అన్నదమ్ములు ముగ్గురికి మూడు ఇంటిపేర్లయిన కుటుంబాలున్నాయి. ఊళ్ళో ఉన్నంతకాలం దీనితో పేచీ లేదు. 1973 తర్వాత చమురు ధరలు పెరిగి గల్ఫు దేశాల్లో పని దొరికి, మనవాళ్ళు పాస్‌పోర్టులకు పోయినప్పుడు తెలిసింది. స్కూలు సర్టిఫికెట్టులో ఒక పేరు, రేషను కార్డులో ఒక పేరు. ఈ ఇద్దరూ ఒక్కరే అని నోటరీ ఎదుట అఫిడవిట్టు. మా కుటుంబంలోనే ఒక పెద్దాయన ప్రయాణం ఒక్క అక్షరం మూలాన నెలలపాటు ఆగింది. ఏ ఆఫీసులో తప్పు పడిందో చెప్పి ఇప్పుడు లాభం లేదు.

టైపు నేర్చిన మన పిల్లలు కోర్టు దగ్గర, కలెక్టరాఫీసు దగ్గర చెట్టుకింద బల్ల వేసుకొని జాబ్ టైపింగు మొదలుపెట్టినప్పుడు మారినది ఇదే. వచ్చిన మనిషిని "చాచా, స్కూల్లో ఎలా రాశారు? ఆ కాగితం తెచ్చావా?" అని అడిగే నాథుడు దొరికాడు. అర్జీ కొట్టాక ఉర్దూలోనే చదివి వినిపించేవాడు. 1954 వక్ఫ్ చట్టం కింద సర్వేలు, లెక్కల దాఖలా వచ్చినప్పుడు ముతవల్లీలకు సర్వే నంబర్లు, ఎకరాల పట్టీలు వేసిపెట్టినవాళ్ళూ వీళ్ళే. పట్టీలో ఒక అంకె జారితే ఒక దర్గా భూమి జారుతుందని వాళ్ళకు తెలుసు. మూడు కార్బను కాపీలు తీసి, ఒకటి ఇంట్లో దాచుకోమని చెప్పి పంపేవారు. ఆ కార్బను కాపీలు చూపి హక్కు నిలబెట్టుకున్నవారున్నారు. ఈ ఒక్క పనికే టైపు చదువుకు మనం రుణపడి ఉన్నామని మా అభిప్రాయం. ఉద్యోగాలు తర్వాతి మాట.

కొల్లేటిలో 1970లు, 80లలో చేపల చెరువులు వచ్చినప్పటి సంఘాల కాగితాలు, లీజులు కూడా ఏలూరు, కైకలూరు టైపు బల్లల మీదనే తయారయ్యాయి. 1999లో కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించారు, 2006లో చెరువుగట్లు కొట్టేశారు. అప్పటి అర్జీలు మాత్రం చాలావరకు కంప్యూటరు కాగితాలే. ఆ నడుమ కాలంలోనే మన చదువు ముగిసిపోయింది.

1990లలో డి.టి.పి. సెంటర్లు వచ్చాయి. ఇన్‌స్టిట్యూటు గదుల్లోనే సగం మిషన్లు తీసి రెండు కంప్యూటర్లు పెట్టారు. కొన్నాళ్ళకు మిగతా సగం కూడా తీశారు. తూకానికి కొన్నవాళ్ళు రెమింగ్టను బరువు చూసి సంతోషించారట. గోద్రెజ్ వారు 2009లో తయారీ ఆపేశారు. 2011లో ఆ సంగతి పత్రికలకెక్కినప్పుడు దేశదేశాల్లో చెప్పుకున్నారు. 2022లో మన జిల్లాయే రెండైంది, ఏలూరు ఒక జిల్లా, గూడెం ఒక జిల్లా. ఇప్పుడు పిల్లల సెల్‌ఫోనులో బొటనవేళ్ళ కింద ఉన్న అక్షరాల వరుస మాత్రం ఆనాటి రెమింగ్టను వరుసే. మన ఇంట్లో నానీమాలకు చూపించండి, కళ్ళజోడు లేకుండానే ఏ అక్షరం ఎక్కడుందో చెబుతారు.

ఏలూరులో, గూడెంలో, కైకలూరులో మనవాళ్ళు టైపు నేర్చిన ఇన్‌స్టిట్యూటులు, నేర్పిన మాస్టార్లు, పాసైన ఆడపిల్లల పేర్లు ఒకచోట చేర్చాలని మేము పట్టీ మొదలుపెట్టాం. ఇళ్ళల్లో పాత సర్టిఫికెట్లు, ఇన్‌స్టిట్యూటులో తీయించుకున్న గ్రూపు ఫొటోలు ఉన్నవారు సొసైటీ ఆఫీసుకు తెచ్చి చూపిస్తే నకలు తీసుకొని వెంటనే తిరిగి ఇస్తాం. వివరాలు చేత్తో రాసి ఇచ్చినా సరే. పేరు స్పెల్లింగు మాత్రం సర్టిఫికెట్టులో ఎలా ఉందో అలాగే రాయండి.